లింకు తీసేసినా నిలబడే సమాధానమే మీ సైటుకు పాఠకులను తెస్తుంది

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవారికి కూడా ఉపయోగపడుతుంది. సైకిల్ మరమ్మతుల మీద వెబ్‌సైటు పెట్టారు, శ్రద్ధగా వ్యాసాలు రాశారు. సెర్చ్‌లో అవి ఎక్కడా కనబడటం లేదని రెడిట్, కోరా, సైకిలిస్టుల చర్చా వేదికలు, ఫేస్‌బుక్ గ్రూపులు ఇలా దొరికిన ప్రతిచోటా లింకులు పెట్టారు. సగం పోస్టులు మాయమయ్యాయి, రెండు చోట్ల మీ ఖాతాను నిషేధించారు, వచ్చిన కొద్దిమందీ పేజీ తెరిచిన వెంటనే వెళ్లిపోయారు. "చర్చా వేదికల నుంచి ట్రాఫిక్ (పాఠకులు) రావడం అనేది నిజంగా ఉందా, లేక పాతకాలపు మాటా?" అని అడిగారు.

ఉంది. ఇప్పటికీ బాగానే ఉంది. నేను సొంతంగా సైట్లు నడిపాను, కొన్ని వేదికల్లో మోడరేటర్‌గా కూర్చుని, వచ్చిన లింకుల్లో ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చే పనీ చేశాను. రెండు వైపులా కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను: మీ వ్యాసాల్లో లోపం లేదు. రెండు మూడు తెరిచి చదివాను, చేతితో పని చేసిన మనిషి రాసినవని వెంటనే తెలుస్తోంది. చిక్కంతా మీరు అక్కడికి వెళ్లిన తీరులో ఉంది. అక్కడివాళ్లు సమాధానం అడిగారు, మీరు చిరునామా ఇచ్చి వచ్చేశారు.

మోడరేటర్లు లింకు కనబడగానే ఎందుకంత కఠినంగా ఉంటారో తెలిస్తే మీకు కోపం తగ్గుతుంది. యూజ్‌నెట్ అనే చర్చా వ్యవస్థకు 1979లో రూపకల్పన జరిగింది. తర్వాత చాలా ఏళ్లపాటు అందులో ప్రకటనల బెడద పెద్దగా లేదు. 1994 ఏప్రిల్‌లో ఇద్దరు అమెరికా న్యాయవాదులు గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తులు నింపిపెడతామంటూ ఒకే ప్రకటనను వేలాది చర్చా బృందాల్లో, ఆ బృందం ఏ విషయం మీదో కూడా చూడకుండా, గుప్పించారు. జనం భగ్గుమన్నారు. ప్రకటనల మీద అప్పుడు మొదలైన అనుమానం ఇప్పటికీ పోలేదు, పోవడానికి అవకాశం కూడా ఎవరూ ఇవ్వలేదు. ఎక్కువ లింకులుంటే సెర్చ్‌లో పైకి వస్తామన్న ఆశతో 2000 తర్వాత వ్యాఖ్యల పెట్టెలన్నీ లింకులతో నిండిపోయాయి. 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎమ్మెస్సెన్ కలిసి 'నోఫాలో' అనే గుర్తును తెచ్చాయి. లింకుకు ఆ గుర్తు ఉంటే ర్యాంకు లెక్కలో దానికి సాధారణంగా విలువ ఇవ్వరు. 2012 ఏప్రిల్‌లో, తన సెర్చ్ లెక్కల్లో తెచ్చిన 'పెంగ్విన్' అనే మార్పుతో, అడ్డదారి లింకులు పోగేసిన సైట్లను గూగుల్ కిందికి నెట్టేసింది. 2019లో, వాడుకరులు రాసిన లింకులకోసం 'యూజీసీ' అనే మరో గుర్తు వచ్చింది. చర్చా వేదికల వ్యాఖ్యల్లో, సంతకాల్లో కీలకపదాలు దట్టించి పెట్టే లింకులను గూగుల్ స్పామ్ విధానం ఇప్పటికీ పేరుపెట్టి మరీ తప్పుపడుతుంది.

కాబట్టి ఒక ఆశను ఇక్కడే వదిలేయండి. వేదికల్లో లింకు పెడితే మీ సైటు ర్యాంకు పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, డబ్బు అసలే ఇవ్వకండి. అక్కడి నుంచి మీకు వచ్చేది మనుషులు. ఆ మనుషుల్లో కొందరు మీ పేజీని తమ సైట్లలో ప్రస్తావిస్తే అప్పుడు ర్యాంకు సంగతి దానంతట అదే వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మీ సొంత పోస్టుల్లోంచే ఒకటి తీసుకుంటాను. ఒకాయన ఇలా అడిగాడు: "కొత్త చైను వేయించాను. అయినా గట్టిగా తొక్కితే చైను జారుతోంది. ఎందుకు?" దానికి మీరు రాసింది: "మంచి ప్రశ్న! చైను సమస్యల మీద పూర్తి వివరాలు మా సైటులో ఉన్నాయి, చూడండి", కింద లింకు. అదీ మీ మొదటి పేజీకి. అడిగిన మనిషికి మీరు ఏమీ ఇవ్వలేదు. పైగా అతడు మీ సైటుకు వచ్చి, వెతుక్కుని, సరైన వ్యాసం ఏదో కనుక్కోవాలి. మోడరేటర్ స్థానంలో నేనున్నా తీసేసేవాడిని.

అదే ప్రశ్నకు, అదే మనిషి, తనకు తెలిసిన అదే విషయంతో ఇలా రాయవచ్చు:

"అన్ని గేర్లలో జారుతోందా, ఒకటి రెండు గేర్లలోనేనా అన్నది ముందు చూడండి. మీరు ఎక్కువగా వాడే ఒకటి రెండు గేర్లలోనే, అదీ బలంగా తొక్కినప్పుడే జారుతుంటే తప్పు చైనుది కాదు, వెనక పళ్ల చక్రాలు అరిగిపోయాయి. పాత చైను సాగుతూ ఆ పళ్లను తన కొలతకు తగ్గట్టు అరగదీస్తుంది. కొత్త చైను అసలు కొలతలో ఉంటుంది కాబట్టి ఆ పళ్లలో కుదురుకోదు. అన్ని గేర్లలోనూ ఒక లయలో, కొన్ని తొక్కుళ్లకు ఒకసారి చొప్పున ఎగురుతుంటే చైనులో ఒక లింకు బిగుసుకుని ఉంది. పెడల్‌ను మెల్లగా వెనక్కి తిప్పుతూ వెనకవైపు గేరు మార్చే భాగం దగ్గర చూడండి, బిగుసుకున్న లింకు అక్కడ ఎగిరిపడుతుంది. సాధారణంగా చైను కలిపిన చోటే ఇది ఉంటుంది. పాత చైను పారేయకపోతే స్కేలుతో కొలవండి. కొత్త చైనులో 24 లింకుల పొడవు, అంటే ఒక పిన్ను మధ్య నుంచి దాని తర్వాత 24వ పిన్ను మధ్య వరకు, సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చే సమయం వచ్చినట్టు. ఎనిమిదో వంతు దాకా పోయిందంటే పళ్ల చక్రాలు కూడా పోయి ఉంటాయి. అరిగిన పన్ను, మంచి పన్ను ఎలా ఉంటాయో పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోలు ఈ పేజీలో ఉన్నాయి (ఈ సైటు నాదే). మీ చక్రాన్ని వాటితో పోల్చి చూసుకోండి. ఏ గేరులో జారుతోందో ఇక్కడ రాస్తే ఇంకా కచ్చితంగా చెప్పగలను."

ఈ సమాధానంలోంచి లింకు ఉన్న వాక్యాన్ని తీసేసి మళ్లీ చదవండి. అడిగినవాడికి కావలసింది అప్పటికీ అందింది. నేను మోడరేటర్‌గా వాడిన పరీక్ష ఇదొక్కటే: లింకు తీసేస్తే ఏం మిగులుతోంది? ఏమీ మిగలకపోతే అది ప్రకటన. సమాధానం మిగిలితే లింకుకు అక్కడ ఉండే హక్కు వచ్చింది. ఇంకో విషయం గమనించండి. ఆ లింకు ఇచ్చింది వ్యాఖ్యలో ఇమడనిదాన్ని. పళ్ల అరుగుదలను మాటల్లో చెప్పడం కష్టం, ఫొటో చూస్తే క్షణంలో తెలుస్తుంది. మాటల్లో చెప్పగలిగినదాన్ని అక్కడే చెప్పేసి, చెప్పలేనిదానికి మాత్రమే లింకు ఇవ్వండి. ఫొటోలు, కొలతల పట్టికలు, ముద్రించుకోవడానికి వీలైన జాబితా, లెక్కకట్టి చూపే చిన్న సాధనం వంటివి మీ సైటులో ఉండాలి. అలాంటివి లేకపోతే ముందు అవి తయారు చేయండి, వేదికల సంగతి తర్వాత.

"అంతా అక్కడే చెప్పేస్తే నా సైటుకు ఎవరు వస్తారు?" అన్న సందేహం చాలామందికి ఉంటుంది. సగం చెప్పి మిగతాది సైటులో చూడమంటే జనం ఆ ఎత్తును ఇట్టే పసిగడతారు. పూర్తిగా చెప్పినవాడి దగ్గర ఇంకా ఉంటుందని వాళ్లే ఊహించుకుని వస్తారు. నేను చూసినంతలో ఎక్కువసేపు చదివేది, మళ్లీ వచ్చేది ఈ రెండో రకం వాళ్లే.

ఇక ఎవరి కోసం రాస్తున్నారో ఒకసారి ఆలోచించండి. అడిగిన ఒక్కడి కోసమే కాదు. ఆన్‌లైన్ సమూహాల్లో దాదాపు 90 శాతం మంది చదివి ఊరుకుంటారనీ, 9 శాతం మంది అప్పుడప్పుడూ రాస్తారనీ, రాతలో అధికభాగం మిగిలిన ఒక్క శాతానిదేననీ 2006లో వెబ్‌సైట్ల వాడుక మీద పరిశోధించే జేకబ్ నీల్సన్ రాశారు. వేదికను బట్టి అంకెలు అటూ ఇటూ మారతాయి, కానీ మౌనంగా చదివేవాళ్లే అధికం అన్నది ప్రతిచోటా కనిపిస్తుంది. మీ సమాధానానికి ఎవరూ బదులు రాయలేదని, ఓట్లు పడలేదని దిగులుపడకండి. ఓటు వేసేవాడికన్నా, అదే సమస్యతో సెర్చ్ చేసి ఆరు నెలల తర్వాత ఆ చర్చలోకి అడుగుపెట్టేవాడే మీకు అసలైన పాఠకుడు.

ఈ మాటకు ఇప్పుడు బలం ఇంకా పెరిగింది. 2022 నుంచి గూగుల్ కొన్ని ప్రశ్నలకు ఫలితాల్లో చర్చా వేదికలకు ప్రత్యేకంగా చోటు ఇస్తోంది. 2023 నవంబరులో చర్చల పేజీల కోసం ప్రత్యేక స్ట్రక్చర్డ్ డేటాకు (పేజీలో ఏముందో సెర్చ్ ఇంజనుకు తెలిపే గుర్తులకు) మద్దతు ప్రకటించింది. కాబట్టి మీరు రోజూ కొత్త పోస్టుల వెంట పరుగెత్తనక్కర్లేదు. మీ వ్యాసాల శీర్షికలను, జనం అడిగే మాటల్లోకి మార్చి సెర్చ్ చేయండి. మొదటి పేజీలో ఏ చర్చలు వస్తున్నాయో చూడండి. వాటిలో సరైన సమాధానం లేనివి, సగమే చెప్పినవి, తప్పు చెప్పినవి తప్పకుండా ఉంటాయి. చర్చ ఇంకా తెరిచి ఉంటే అక్కడ రాయండి. నిన్న పుట్టిన పోస్టు రెండు రోజుల్లో కిందికి జారిపోతుంది, సెర్చ్‌లో స్థిరపడిన పాత చర్చకు మాత్రం మనుషులు వస్తూనే ఉంటారు. చర్చను మూసేసి ఉంటే ఆ ప్రశ్నను రాసిపెట్టుకోండి. జనం వెతుకుతున్నారు, సరైన జవాబు లేదు అని తేలింది కాబట్టి, మీ సైటులో తర్వాతి వ్యాసం దాని మీదే రాయాలి.

వేదికల తీరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. రెడిట్‌లో ప్రతి సబ్‌రెడ్డిట్‌కూ (విషయాలవారీ విభాగానికీ) సొంత నియమాలు ఉంటాయి. సొంత లింకులు పదింట ఒకటికి మించకూడదన్న పాత సూచనను చాలామంది మోడరేటర్లు ఇప్పటికీ మనసులో పెట్టుకుంటారు. కొత్త ఖాతాల నుంచి వచ్చే లింకులను ఆటోమోడరేటర్ అనే బాట్ మనిషి చూడకముందే పక్కకు తీసేసేలా ఏర్పాటు చేసుకునే చోట్లూ ఉన్నాయి. మీ పోస్టులు "మాయం" కావడానికి బహుశా అదే కారణం. సాంకేతిక వార్తల చర్చా వేదిక హ్యాకర్ న్యూస్ మార్గదర్శకాలు సొంత రచనలు అప్పుడప్పుడూ పెట్టవచ్చంటాయి, ప్రచారమే ప్రధాన పనిగా పెట్టుకోవద్దంటాయి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో సొంత ఉత్పత్తిని ప్రస్తావిస్తే మీకు దానితో ఉన్న సంబంధం సమాధానంలోనే చెప్పాలి. సైకిళ్లకు ఈ రెండూ పనికిరావు, కానీ ఇంకో రంగం వాళ్లు ఇది చదివితే ఉపయోగపడుతుంది. కోరాలో సమాధానం చాలాకాలం నిలుస్తుంది, అయితే ప్రతి సమాధానం చివరా ఒకే సైటు లింకు అతికించేవాళ్లను పాఠకులే ఫిర్యాదు చేస్తారు. మూసి ఉంచిన ఫేస్‌బుక్ గ్రూపుల్లో, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో రాసేది సాధారణంగా సెర్చ్‌లోకి రాదు. పరిచయాలకు అవి మంచివే, కానీ రాసింది ఆ రోజుకే. మీకు నా సలహా: సైకిళ్లకే పరిమితమైన పాత చర్చా వేదిక ఒకటి, రెడిట్‌లో మరమ్మతులకు సంబంధించిన చోటు ఒకటి ఎంచుకోండి. మిగతావన్నీ వదిలేయండి. పది చోట్ల మొహం చూపించడం కన్నా రెండు చోట్ల పేరు గుర్తుండటం మేలు.

ఎంచుకున్న చోట మొదటి కొన్ని వారాలు లింకు ఊసే ఎత్తకుండా సమాధానాలు రాయండి. ఇది నటన కోసం కాదు. అక్కడివాళ్లకు ఏం తెలుసు, ఏ విషయం మీద ఇప్పటికే వాదించి అలసిపోయారు, ఏ మాట తీరు వాళ్లకు నచ్చదు అనేది ఆ కొద్ది వారాల్లోనే తెలుస్తుంది. ప్రొఫైల్‌లో మాత్రం మీ సైటు చిరునామా మొదటిరోజే పెట్టండి. అభ్యంతరం లేని చోటు అదొక్కటే. మంచి సమాధానం చదివినవాళ్లు "ఎవరీ మనిషి?" అని నొక్కి చూసే చోటు కూడా అదే.

సైటు మీదేనని ప్రతిసారీ చెప్పండి. పై ఉదాహరణలో "ఈ సైటు నాదే" అన్న మూడు మాటలు వృథా కావు. దాచిపెడితే ఎవరో ఒకరు మీ పాత పోస్టులు తిరగేసి బయటపెడతారు, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా వినేవారుండరు. ఇంకో ఖాతాతో మీరే ప్రశ్న అడిగి ఈ ఖాతాతో జవాబు చెప్పడం, తెలిసినవాళ్లచేత ఓట్లు వేయించుకోవడం లాంటి పనుల జోలికి పోవద్దు. ఏఐతో సమాధానాలు తయారుచేసి గంపగుత్తగా వదిలే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులోనే అలాంటి సమాధానాలను నిషేధించింది. పైగా మీ బలమే చేతి అనుభవం. దాన్ని పక్కన పెట్టి ఎవరైనా తయారు చేయగలిగిన పేరాలు రాస్తే మిమ్మల్ని ఎందుకు చదవాలి?

వచ్చినవాళ్లు నిలవడం లేదన్నారు కదా, దానికి కారణాలు మీ సైటులోనే కనిపించాయి. మీరు మొదటి పేజీకి లింకు ఇస్తున్నారు, ఎప్పుడైనా సరే ఆ ప్రశ్నకు సంబంధించిన పేజీకే, వీలైతే అందులోని ఆ భాగానికే ఇవ్వండి. ఫోనులో తెరిస్తే వ్యాసం కన్నా ముందు ఈమెయిల్ అడిగే పెట్టె తెరను కప్పేస్తోంది. చేతికి నల్లటి గ్రీజు అంటుకుని, ఒక వేలితో ఫోను చూస్తున్న మనిషిని ఊహించుకోండి. ఆయన ఆ పెట్టెను మూయడానికి కష్టపడడు, వెనక్కి వెళ్లిపోతాడు. పెట్టెను వ్యాసం చివరికి మార్చండి. వ్యాసం మొదట్లో సైకిల్ చరిత్ర మీద రెండు పేరాలున్నాయి. బాగా రాశారు, కానీ వాటి స్థానం అది కాదు. మొదటి తెరలోనే ఫొటోలు కనబడాలి. చివర "చైను కొలవడం ఎలా", "పళ్ల చక్రం మార్చడానికి ఏ పనిముట్లు కావాలి" అనే రెండు లింకులు ఇవ్వండి. ఈ సమస్యతో వచ్చినవాడికి తర్వాత పుట్టే ప్రశ్నలు అవే.

ఒక పెద్ద వేదికలో మీ పేజీ ఉన్నట్టుండి పైకి వెళితే చిన్న సర్వర్ తట్టుకోలేకపోవచ్చు. 1997లో మొదలైన సాంకేతిక వార్తల సైటు స్లాష్‌డాట్ పేరు మీద దీనికి 'స్లాష్‌డాట్ ఎఫెక్ట్' అనే పేరే స్థిరపడింది. ఫొటోల పరిమాణం తగ్గించి, పేజీలను క్యాష్ చేసి (ముందే తయారైన నకళ్లుగా) పెట్టండి, చాలు. ఆ రోజు వచ్చే జనసందోహం చూసి మురిసిపోకండి కూడా. అది మర్నాటికి వెళ్లిపోతుంది.

లెక్కల విషయంలో ఒక చిక్కుంది. 2020లో క్రోమ్ 85 వచ్చినప్పటి నుంచి, ఒక సైటు నుంచి ఇంకో సైటుకు వెళితే మామూలుగా సైటు పేరు మాత్రమే తెలుస్తుంది, ఏ పేజీ నుంచి వచ్చారో తెలియదు. యాప్‌ల నుంచి వచ్చేవాళ్లలో చాలామంది 'డైరెక్ట్' (ఎక్కడి నుంచి వచ్చారో తెలియని) ఖాతాలో పడిపోతారు. అంటే, ఏ చర్చ మీకు పాఠకులను తెస్తోందో అనలిటిక్స్ (సందర్శకులను లెక్కించే సాధనం) నేరుగా చూపదు. లింకు చివర యూటీఎం గుర్తులు (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే అదనపు అక్షరాలు) తగిలిస్తే తెలుస్తుంది, కానీ పొడవాటి తోకతో ఉన్న లింకు చూడగానే జనానికి ప్రకటన అనిపిస్తుంది. నేనైతే వేదికల్లో శుభ్రమైన లింకే ఇస్తాను. దానికి బదులు మూడు విషయాలు చూస్తాను. ఆ వేదిక నుంచి వచ్చినవాళ్లు రెండో పేజీ తెరిచారా? తిరిగి వచ్చినవాళ్లు పెరుగుతున్నారా? గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో నా సైటు పేరుతోనే వెతికేవాళ్లు పెరుగుతున్నారా? ఈ మూడోది చాలామంది పట్టించుకోరు. మీ సమాధానం చదివి, లింకు నొక్కకుండా వెళ్లిపోయి, నెల తర్వాత అవసరం పడినప్పుడు మీ పేరు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు ఇంకే లెక్కలోనూ కనబడరు.

రాసిన ప్రతి మంచి సమాధానానికీ నకలు మీ దగ్గర ఉంచుకోండి. గూగుల్ ప్లస్‌లో సామాన్య వాడుకరుల ఖాతాలు 2019 ఏప్రిల్‌లో మూతపడ్డాయి. 2021 మే నెలలో యాహూ ఆన్సర్స్ మూతపడింది. 2023 జూన్‌లో ఇతర యాప్‌లు రెడిట్ సమాచారాన్ని వాడుకునే ఏపీఐకి పెట్టిన ధరల మీద నిరసనగా వేలాది సబ్‌రెడ్డిట్‌లు తలుపులు మూసుకున్నప్పుడు సెర్చ్‌లో కనిపించే ఎన్నో సమాధానాలు తెరుచుకోలేదు. వేదికలో మీరు రాసినది, దాని కింద జనం అడిగిన అదనపు ప్రశ్నలు, ఎవరైనా చేసిన సవరణ ఇవన్నీ కలిపి వ్యాసంగా మీ సైటులో పెట్టండి. వేరేవాళ్ల మాటలను యథాతథంగా ఎత్తుకోకండి, సవరణ చెప్పినవారికి కృతజ్ఞత రాయండి. అలా రాసిన వ్యాసం మీరు ఊహించి రాసినదానికన్నా ఎప్పుడూ బలంగా ఉంటుంది, ఎందుకంటే చదివేవాడు ఎక్కడ తడబడతాడో మీకు ముందే తెలిసిపోయింది.

చివరగా, మిమ్మల్ని నిషేధించిన రెండు చోట్ల సంగతి. కొత్త ఖాతా తెరిచి మళ్లీ వెళ్లకండి. రెడిట్‌లో నిషేధాన్ని అలా తప్పించుకోవడం మొత్తం సైటు నియమాలకే విరుద్ధం, ఉన్న ఖాతాలన్నీ పోయే ప్రమాదం ఉంది. మోడరేటర్లకు ఒక్క సందేశం పంపండి. సంజాయిషీలు, మీ సైటు గొప్పతనం అందులో వద్దు. "నియమాలు చదవకుండా లింకులు పెట్టాను, వాటిని తొలగించడం సబబే. అనుమతిస్తే మూడు నెలలు ఏ లింకూ లేకుండా మరమ్మతు ప్రశ్నలకు జవాబులు రాస్తాను" అని రాస్తే చాలు. అలాంటి సందేశం వచ్చినప్పుడు నేను చాలాసార్లు తలుపు తీశాను. జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ అడగకండి. బయటికి కనిపించే వేదికలైతే నిషేధం ఉన్నా చదవవచ్చు. అక్కడ వారం వారం ఏ ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తున్నాయో చూసి, వాటికి మీ సైటులో పేజీలు సిద్ధం చేస్తూ ఉండండి. ఈలోగా చైను జారుతోందన్న ఆ ప్రశ్న సైకిలిస్టుల వేదికలో ఇంకా తెరిచే ఉంది, సరైన జవాబు ఇంకా పడలేదు. ముందు దానికి, లింకు లేకుండా, రాయండి.